ఊపిరి ఇరవై

ఏ ఊళ్లోనైనా సరే, ఏ పెద్దాసుపత్రిలోనైనా సరే, మంచం కాళ్ల దగ్గర వేలాడే చార్టు తీసి చూడండి. జ్వరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నాడి ఒకరిది ఎనభై, ఇంకొకరిది నూటపది. బీపీ సంగతి సరే సరి. ఊపిరి మాత్రం అందరికీ ఇరవై. పద్దెనిమిదేళ్ల కుర్రాడికీ ఇరవై, ఎనభయ్యేళ్ల ముసలాయనకీ ఇరవై. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. దేవుడు మనుషులందరినీ సమానంగా చూసింది ఆ ఒక్క గడిలోనే అనిపిస్తుంది.

అసలు సంగతేమిటంటే, ఎవరూ లెక్కపెట్టరు. జ్వరానికి థర్మామీటరుంది, బీపీకి మిషనుంది. ఊపిరి లెక్కపెట్టాలంటే నర్సు రోగి పక్కన నిండా ఒక నిమిషం ఊరికే నిలబడాలి. ఛాతీ మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ, ఇంకే పనీ చెయ్యకుండా. నలభైమందికి ఇద్దరు నర్సులున్న వార్డులో ఆ నిమిషం ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని పెన్ను తనంతట తనే ఇరవై రాసేస్తుంది. అది తప్పని ప్రతి నర్సుకీ తెలుసు. తెలిసీ రాస్తుంది. దయామణి కూడా ఇరవై ఎనిమిదేళ్లపాటు అలాగే రాసింది.

అలాగని దయామణికి పని రాదనుకునేరు! కాకినాడలో ఆ ఆసుపత్రి మగవాళ్ల వార్డులో ఆవిడ మాటకి పెద్ద డాక్టర్లు కూడా ఆగేవారు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సు ఎక్కే నర్సుకి మంచం మంచం దగ్గరా నిలబడి రోగుల్ని అప్పగించాలి. అదీ ఆనవాయితీ. ఆ అప్పగింతలో దయామణి ఎప్పుడైనా గొంతు తగ్గించి, "ఆ నాలుగో నంబరాయన్ని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా, నాకెందుకో బాగా అనిపించట్లేదు" అందంటే ఇక అంతే. మిషన్లన్నీ పచ్చదీపాలు చూపిస్తూ ఉండగానే, సాయంత్రం ఐదయ్యేసరికి నాలుగో నంబరాయనకి ముంచుకొచ్చేది. ఎలా తెలిసిందండీ అని అడిగితే ఆవిడ తన అరచెయ్యి చూపించేది. చెయ్యి వేసింది, చేతికి తెలిసింది, అంతే.

ఇంకో అలవాటుంది ఆవిడకి. తను అప్పగింత తీసుకునేటప్పుడు, ఎదుటి నర్సు చెప్పడం అంతా అయిపోయాక, "ఇంకేమైనా ఉందా?" అని అడిగేది. అసలు మాట ఎప్పుడూ ఆ ప్రశ్న తరవాతే బయటికొస్తుందని ఆవిడ నమ్మకం.

అందరి సంగతీ ముందే తెలిసిన దయామణికి ఒక్కళ్ల సంగతి తెలియలేదు. ఆ ఒక్కళ్లూ ఆవిడ మొగుడే. రత్నరాజు తాళ్లరేవులో చెక్కపడవలు కట్టే వడ్రంగి. ఆరేళ్ల కిందట దగ్గూ జ్వరంతో వచ్చి ఆవిడ వార్డులోనే, కిటికీ పక్కన పదిహేడో నంబరు మంచం మీద పడుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి బానే ఉన్నాడు. ఆవిడే చూసింది, ఆవిడే చార్టు రాసింది. తెల్లవారాక ఏడింటికి పోయాడు. ఊళ్లోవాళ్ల మొగుళ్లందరినీ కనిపెట్టి కాపాడినదానికి తన మొగుడి దగ్గర చెయ్యి మొద్దుబారిందేమిటని ఆవిడ ఆరేళ్లుగా తన్ను తానే తిట్టుకుంటోంది. పిల్లలు లేరు. తిట్టుకోకు అనేవాళ్లు కూడా లేరు.

*

నర్సింగ్ విశ్వవిద్యాలయంవాళ్లు కొత్తరకం డాక్టరేట్ మొదలుపెట్టింది సరిగ్గా దయామణి రిటైర్మెంటుకి రెండేళ్లుందనగా. దాని పేరు అప్పగింత డాక్టరేట్. పాత పద్ధతిలో మూడువందల పేజీల గ్రంథం రాసి, అట్టవేయించి, అల్మరాలో పెట్టి తాళం వేసేవారు. ఈ కొత్తది నడిపే ప్రొఫెసర్ సౌదామిని కూడా ఒకప్పుడు వార్డు నర్సే. వయసులో దయామణికంటే ఎనిమిదేళ్లు చిన్న. మొదటిరోజే చెప్పింది.

"నర్సుకి తెలిసింది పుస్తకంలో పెడితే పుస్తకానికి తెలుస్తుంది దయామణి గారూ, ఇంకో నర్సుకి తెలీదు. మాకు మీ పుస్తకం వద్దు. మీ చేతిలో ఉన్నది కావాలి."

దానికో యంత్రం ఉంది. చేతులకి ఉల్లిపొరంత పల్చటి తొడుగులు, తలకి సన్నటి వల. అందరూ దాన్ని తొడుగు అనే పిలిచేవారు. కుర్చీలో కూర్చుని ఒక రోగిని తలుచుకోవాలి. చెయ్యి ఎక్కడ వేసిందీ, చర్మం ఎలా తగిలిందీ, కడుపులో ఎప్పుడు దిగులు పుట్టిందీ, అన్నీ. యంత్రం అది పట్టుకుంటుంది. వారం తిరిగాక ఇంకో నర్సు అదే తొడుక్కుని కూర్చుంటే ఆ స్పర్శ ఆవిడ చేతికి వస్తుంది, తనే ఆ రోగిని చూసినట్టు. అలా నలభై అప్పగింతలు ఇవ్వాలి. తీసుకున్న నర్సు వార్డులో రోగుల్ని ముందుగా కనిపెట్టగలిగితే, ఇచ్చినావిడ డాక్టరు.

"ఒక్క చిక్కుంది" అంది సౌదామిని, సంతకాలు పెట్టించుకునే ముందు. "జ్ఞాపకం బెల్లప్పాకంలాంటిది. ఊరికే ఉంటే గట్టిగా ఉంటుంది. బాగా తలుచుకుంటే కరుగుతుంది. కరిగినప్పుడే తొడుగు పట్టుకుంటుంది. కానీ పట్టుకున్నాక మీ దగ్గర మిగిలేది పల్చబడిపోతుంది. ఏం జరిగిందో గుర్తుంటుంది. ఎలా ఉండిందో ఉండదు."

"అంటే?"

"ఎవరో చెప్పగా విన్నట్టుంటుంది."

దయామణి సంతకం పెట్టేసింది. రెండేళ్లలో తను ఇంటికెళ్లిపోతే తనతోపాటే పోయేదాన్ని ఎవరో ఒకరికి ఇచ్చేస్తే తప్పేముంది?

మొదటి అప్పగింత పిఠాపురం నేతగాడు వీరభద్రం. ఆయన కాలివేళ్ల చలి తన వేళ్లకి తగిలి, ఆవిడ అరిచి గోల చేస్తే బతికాడు. తొడుగు తీశాక సౌదామిని కాఫీ ఇచ్చి, "వీరభద్రం గురించి చెప్పండి" అంది. దయామణి చెప్పింది. పేరుంది, మంచం నంబరుంది, ఇంటికెళ్లేటప్పుడు ఆయన తెచ్చిన అరటిగెల కూడా ఉంది. ఆ చలి మాత్రం లేదు. వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుని చూసుకుంది. కాఫీ గ్లాసు వేడే తగిలింది.

తీసుకునే నర్సు పేరు పైడితల్లి. విజయనగరం పక్క పల్లె పిల్ల, ముప్ఫై ఏళ్లుంటాయి. అదే వార్డులో పనిచేస్తోంది. గలగలా మాట్లాడుతుంది, గబగబా నడుస్తుంది. వీరభద్రాన్ని తీసుకున్న పదోరోజు మధ్యాహ్నం రెండింటి అప్పగింతలో, "మేడం, తొమ్మిదో నంబరాయన కాలివేళ్లు ఎందుకో నాకు బాగనిపించట్లేదు" అంది. గొంతు తగ్గించి, అచ్చం దయామణిలాగే! దయామణి పరుగున వెళ్లి తనూ పట్టుకుని చూసింది. ఆవిడకి వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి. గంటలో తొమ్మిదో నంబరాయన్ని ఐసీయూకి తీసుకెళ్లారు. బతికాడు.

ఆరోజు దయామణి పొంగిపోయిన మాట నిజం. పిల్లలున్న ఆడవాళ్లు తమ బిడ్డ మొదటిసారి నడిస్తే ఇలాగే ఉంటుంది కాబోలనుకుంది. ఇంటికెళ్లాక మాత్రం తన చేతికి ఏమీ తెలియలేదన్న సంగతి గుర్తొచ్చి అన్నం సగంలో వదిలేసింది.

*

జగన్నాథపురంలో ఆవిడది రెండుగదుల ఇల్లు. వంటింట్లో రత్నరాజు చేసిన టేకుపీట ఒకటుంది. ఆవిడ దానిమీద కూర్చునే తింటుంది. టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, చూడ్డానికి కాదు, చప్పుడుకి.

ఎవరికీ తెలియని విషయం ఒకటుంది. ఇన్నేళ్లూ ఆవిడ ఆ ఇంట్లో ఒంటరిగా లేదు. గిన్నెలు తోముకుంటుంటే వీరభద్రం కాళ్లు గుర్తొచ్చేవి. బట్టలారేస్తుంటే, నొప్పి దాచుకుని జోకులేసిన స్కూలు మాస్టారు గుర్తొచ్చేవాడు. వాళ్ల ఒంటివేడీ, వాళ్ల భయమూ ఆవిడ చేతుల్లో కాపురముండేవి. వాళ్లతో మాట్లాడుకుంటూ పొద్దుపుచ్చేది. పదో అప్పగింతకి కొంచెం సందడి తగ్గింది. ఇరవయ్యోదానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉందేమిటని టీవీ గొంతు పెంచింది. ముప్ఫైతొమ్మిది పూర్తయ్యేసరికి అందరూ వెళ్లిపోయారు. పేర్ల జాబితా ఒకటి మిగిలింది.

ఒక్కడే మిగిలాడు. రత్నరాజు.

చిత్రిక పట్టిన పలక నున్నబడిందో లేదో చూడ్డానికి వడ్రంగులు బొటనవేలు అడ్డంగా రాసి చూస్తారు. రత్నరాజుకి ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు. పెళ్లాం చెయ్యి దొరికితే చాలు, వేళ్ల కణుపుల మీద బొటనవేలు ఇటూ అటూ రాసేవాడు. ఆవిడ చిరాగ్గా ఉంటే, "గరుకు తేలావే దయా, చిత్రిక పట్టాలి నీకు" అనేవాడు. "ముందు మీ నోటికి పట్టండి" అనేది ఆవిడ. ఆ ఆఖరి సాయంత్రం కూడా ఆవిడ కుడిచెయ్యి ఆయన ఛాతీ మీద ఉంటే, ఎడమచెయ్యి పట్టుకుని బొటనవేలు రాశాడు. "నున్నగానే ఉంది" అన్నాడు. ఆయన తనతో అన్న చివరిమాట అదే.

ఆ బొటనవేలు ఇంకా తగులుతుంది ఆవిడకి. రోజూ పడుకోబోయే ముందు ఎడమచెయ్యి కణుపులు పైకి వచ్చేలా పీట మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, గరుకుగా, వెచ్చగా, ఇటూ అటూ. ఆవిడకున్న సంసారం అంతా అదే.

*

నలభయ్యోది ఎవరిని ఇద్దామా అని చూస్తుండగా వార్డులో గొడవ జరిగింది. ఉప్పాడ నుంచి వచ్చిన చేపలాయన ఒకాయన పైడితల్లి డ్యూటీలో ఊపిరందక నీలం తిరిగిపోయాడు. వెంటిలేటరు పెట్టారు. ఆయన పెళ్లాం వరండాలో నేలమీద కూలబడి ఏడుస్తోంది. చార్టు తీసి చూస్తే నాలుగు గంటల గడిలో పైడితల్లి చేతిరాత ఉంది: ఊపిరి ఇరవై.

సౌదామిని దయామణిని గదిలోకి పిలిచింది.

"మీ ముప్ఫైతొమ్మిదీ తీసుకున్న పిల్ల. చేతికి తెలియకపోవడమనేది లేదు. అడిగాను. తెలిసిందట. దిగులు పుట్టిందట. 'మరి ఎందుకు రాయలేదు?' అంటే ఏడుస్తోంది."

దయామణి ఏం మాట్లాడుతుంది? పద్దెనిమిది మంచాలు ఒక్కతే చూస్తూ, సెలైన్లు మారుస్తూ, పెన్ను తీసిన పిల్ల ఎందుకు రాయలేదో ఆవిడకి తెలియదా!

"మీరిచ్చినవన్నీ గెలిచినవి దయామణి గారూ" అంది సౌదామిని. "చేతికి తెలిసింది, మీరు నోరు విప్పారు, మనిషి బతికాడు. చేతికి తెలిసినా పెన్ను వినకపోతే ఏమవుతుందో అందులో ఒక్కటీ లేదు. అదే కావాలి నలభయ్యోది. అది లేకపోతే ఈ మిగతావన్నీ ఆ పిల్లకి గర్వాన్నిస్తాయి కానీ, పెన్ను ఆపవు. అలాంటిది మీకు జరిగిందా?"

"లేదు" అంది దయామణి. తరవాత, "మా ఆయనప్పుడు నాకసలు తెలియనేలేదు. అది పనికొస్తుందా?" అంది.

ఇచ్చెయ్యక్కర్లేదు, జ్ఞాపకాన్ని తీసుకోకుండా యంత్రం తెరమీద పైపైన చూసే పద్ధతి ఒకటుంది, ఇష్టమైతే చూద్దామంది సౌదామిని. దయామణి తొడుక్కుంది. కళ్లు మూసుకుంది. కిటికీ పక్క మంచం, డెట్టాలు వాసన, చొక్కా గుండీల మధ్య అరచెయ్యి, ఎడమచేతి మీద బొటనవేలు. అంతా ఉంది. కళ్లు తెరిచేసరికి సౌదామిని తెరవంక చూస్తూ కొయ్యబారిపోయి ఉంది.

"ఏమైంది మేడం?"

దయామణే తల తిప్పి చూసింది. తెరమీద ఒక గీత కెరటాల్లా లేచి పడుతోంది. ఆరోజు ఆవిడ అరచేతి కింద లేచి పడిన రత్నరాజు ఛాతీ అది. అలవాటైన నర్సు కదా, కళ్లు వాటంతటవే గోడగడియారం మీదికి వెళ్లాయి. నిమిషం లెక్కపెట్టింది.

ముప్ఫైనాలుగు.

ఇంకోసారి లెక్కపెట్టింది. ముప్ఫైనాలుగే.

"నేను ఇరవై రాశాను" అంది దయామణి. "నాకు తెలీదనుకున్నాను మేడం. ఆరేళ్లు... నా చేతికి తెలుసు. తెలిసే ఉంది. నేనే వినలేదు." తొడుగు ఊడబీకి బల్లమీద పడేసింది. "తెలియకపోయినా బావుండునే తల్లీ!" అని గట్టిగా ఏడ్చింది. సౌదామిని దగ్గరికి రాబోతే చెయ్యడ్డం పెట్టింది. ఆటో ఎక్కి ఇంటికి పోయి, పీట మీద కూర్చుంది. ఆరోజు ఎడమచెయ్యి పీట మీద పెట్టుకోడానికి భయం వేసింది.

*

నాలుగు రోజులు డ్యూటీకి వెళ్లలేదు. ఇచ్చేస్తే ఈ పాపం గుండెల్లోంచి పోతుంది. సౌదామిని చెప్పినట్టు, ఎవరో చెప్పగా విన్నట్టు అయిపోతుంది. కానీ దాంతోపాటే ఆ బొటనవేలూ పోతుంది. రెండూ ఒకే సాయంత్రం, ఒకే నిమిషం. ఒకటుంచుకుని ఒకటివ్వడం కుదరదు. బతికున్నన్నాళ్లూ ఆ పాపంతోనే ఉంటాను, ఆయన చెయ్యి మాత్రం ఎవరికీ ఇవ్వనని నిర్ణయించుకుంది. డాక్టరేట్ పోతే పోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో పైడితల్లి కూర్చుని ఉంది. గలగలా లేదు, గబగబా లేదు. చేతిలో కాగితం.

"ఏంటమ్మా అది?"

"రాజీనామా మేడం. మీకు సెప్పకుండా ఇవ్వడం బాగోదని వచ్చీసాను."

లోపలికి తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టింది. టీ పెట్టింది. పైడితల్లి గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"నా సెయ్యి సెప్పింది మేడం. ఇదేటి, ఈయన ఛాతీ ఇలగ ఎగిసిపడతంది, డాక్టరుగారికి సెప్పాల అనుకున్నాను. ఈలోగా పెన్ను ఇరవై రాసీసింది. రాసీసాక ఇంక ఇరవయ్యే అనిపించింది. ఎవరితోనైనా అందామంటే ఎవరితో అంటాను? మా ఇంట్లోవాళ్లకి అర్థం కాదు. వార్డులోవాళ్లు 'అందరం రాత్తాం, నీకు టైము బాలేదు' అంటారు. రోజంతా నలుగురిలో ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుంది మేడం."

చేపలాయన బతికాడనీ, నిన్ననే గొట్టం తీశారనీ దయామణి చెప్పింది. పైడితల్లి తలూపింది. ఆ తలూపడం చూసింది దయామణి. ఆరేళ్లుగా అద్దంలో చూస్తున్న మొహమే అది. అప్పుడు చెప్పేసింది, ఎవరికీ చెప్పనిది. పదిహేడో నంబరు, నాలుగు గంటలు, ముప్ఫైనాలుగు, ఇరవై.

పైడితల్లి గ్లాసు కింద పెట్టింది.

"ఇచ్చీండి మేడం అది నాకు."

"పిచ్చిదానా! నీ బరువు నీకు లేదా? ఇది కూడా ఎందుకు?"

"నాది నేనొక్కదాన్నే మొయ్యలేకపోతన్నాను. మీది పక్కనుంటే తోడుంటాది." కళ్లు తుడుచుకుంది. "మీకు మాత్రం ఎవరున్నారు మేడం?"

దయామణి గబుక్కున లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి, కట్టేసి ఉన్న స్టవ్వుని మళ్లీ కట్టేసింది. తను ఇవ్వకపోతే ఈ పిల్ల ఈ వృత్తి వదిలేస్తుంది. వదలకపోతే ఇంకా ఘోరం. కొన్నాళ్లకి ఏడుపు తగ్గి, అందరిలాగే ఇరవై రాసుకుంటూ పోతుంది. ఎక్కడో ఒక మంచం మీద ఇంకెవరి మొగుడో.

"ఆ కాగితం చింపి అవతల పారెయ్" అంది వెనక్కి తిరక్కుండానే.

*

బుధవారం అప్పగింత. మంగళవారం సాయంత్రం దయామణి కొత్త నోటుబుక్కు తీసి, నర్సులు రాసే పద్ధతిలోనే రాసుకుంది. పేరు రత్నరాజు, వయసు యాభై ఒకటి. కుడిచెయ్యి ఛాతీ మీద. ఎడమచెయ్యి ఆయన చేతిలో. బొటనవేలు కణుపుల మీద, ఇటూ అటూ, గరుకు, వెచ్చన. 'నున్నగానే ఉంది' అన్నాడు. ఊపిరి ముప్ఫైనాలుగు. ఇంకేమైనా ఉందా అని తన్ను తానే అడిగింది. ఏదో ఉన్నట్టే ఉంది, దొరకలేదు. చివరిసారి ఎడమచెయ్యి పీట మీద పెట్టుకుని కూర్చుంది. "ఇంక వెళ్లిరండి" అంది.

మర్నాడు తొడుగు తీశాక సౌదామిని భయపడుతూ అడిగింది. "ఎలా ఉంది?"

"బానే ఉంది మేడం."

నిజంగానే బానే ఉంది. ఏడుపు రాలేదు. మొగుడు పోయాడు, తను తప్పు రాసింది, అవును. పక్కింటావిడ కష్టం విన్నట్టుంది. ఇంటికెళ్లి పీట మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకుంది. పీట చల్లగా తగిలింది. ఇన్నాళ్లూ బాధ పోతే సుఖంగా ఉంటుందనుకుంది పాపం. బాధ పోయిన చోట ఏమీ లేదు. టీవీ ఆపి కూర్చుంటే గోడగడియారం చప్పుడు వినిపించింది.

పైడితల్లి మాత్రం వారం తరవాత తీసుకుని, రెండు రోజులు సెలవు పెట్టి ఏడ్చిందట. మూడోరోజు డ్యూటీకి వచ్చింది. ఆ తరవాత ఆరునెలలు ఆమె రాసిన చార్టుల్ని పరీక్షకులు ఒక్కొక్కటే చూశారు. ఊపిరి గడిలో పదహారు, ఇరవై రెండు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది, రకరకాలు. నలుగురు రోగుల్ని మిషన్లకంటే ముందు కనిపెట్టింది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు నర్సులు చేతులు వేసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, "మీ పరిశోధన వల్ల తేలింది ఒక్కమాటలో చెప్పండి" అన్నాడు. "నిమిషం నిలబడాలండి" అంది దయామణి. అందరూ చప్పట్లు కొట్టారు. వార్డులో ఆయాలు ఆవిణ్ణి 'డాక్టరు సిస్టరు' అని పిలవడం మొదలుపెట్టారు. ఇంటికెళ్తే పిలిచేవాళ్లు లేరు.

*

రిటైర్మెంటుకి వారముందనగా ఒక మధ్యాహ్నం, రెండు కావస్తుండగా దయామణి డ్యూటీ ఎక్కడానికి వచ్చింది. వార్డంతా ఎండ పరుచుకుని ఉంది. పైడితల్లి పదకొండో నంబరు ముసలాయన పక్కన నిలబడి ఉంది. కుడిచెయ్యి ఆయన ఛాతీ మీద. కళ్లు గడియారం మీద. ఎడమచెయ్యి మాత్రం ఆయన చేతిలో పెట్టి ఉంచింది, కణుపులు పైకి తిప్పి, కదలకుండా.

నిమిషం అయ్యేదాకా దయామణి ఆగింది.

"ఆ ఎడమచెయ్యి అక్కడెందుకమ్మా?"

పైడితల్లి ఉలిక్కిపడి చెయ్యి తీసుకుంది. సిగ్గుపడింది.

"తెలీదు మేడం. దానంతటదే వెళ్లిపోతాది. ఎవరో బొటనవేలు రాస్తారని ఎదురుసూస్తాది."

దయామణికి ఆ మాట నోటుబుక్కులో చదివినదే. చేతిలో మాత్రం ఏమీ కదల్లేదు. పైడితల్లి ఆవిడ మొహంవంక చూసింది. ఏమనుకుందో, ఆవిడ మోచెయ్యి పట్టుకుని కిటికీ పక్కకి తీసుకెళ్లింది. పదిహేడో నంబరు మంచం ఖాళీగా ఉంది, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మంచం కాళ్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, రోజూ నిలబడినట్టే.

"అప్పగింత తీసుకోండి మేడం" అంది పైడితల్లి. గొంతు తగ్గించింది. "పదిహేడో నంబరు, రత్నరాజు గారు. యాభై ఒకటి. జ్వరం నూట రెండు. ఊపిరి ముప్ఫైనాలుగు. ఛాతీ కుడిపక్క సరిగా లేవట్లేదు. చెయ్యి గరుకు. బొటనవేలు మీద పాత ఉలిగాయం ఉంది, అది తగిలినప్పుడు కొంచెం గీసుకుంటాది. భయం లేదు మనిషికి. నున్నగానే ఉంది అన్నారు."

ఉలిగాయం నోటుబుక్కులో లేదు. దయామణి జేబులోంచి పుస్తకం తీసి నిలబడే రాసుకుంది. అలవాటు కొద్దీ తలెత్తి అడిగింది.

"ఇంకేమైనా ఉందా?"

"ఉంది మేడం. ముందు నాకూ తెలీలేదు. చాలాసార్లు తలుసుకున్నాక తెలిసింది. ఆ బొటనవేలు ఊరికే తిరగట్లేదు. మీరు గాలి పీల్చినప్పుడు ఇటు వస్తాది, వదిలినప్పుడు అటు వెళ్తాది. ప్రతిసారీ. మీరు ఆరోజు డ్యూటీ ఎక్కినకాడ్నించీ పరిగెడతా ఉన్నారు కదా, రొప్పుతా ఉన్నారు. అది నెమ్మదించేదాకా రాస్తానే ఉన్నారాయన. నెమ్మదించాకే నున్నగా ఉంది అన్నారు."

దయామణి పెన్ను ఆగిపోయింది.

"నా ఊపిరి చూశారా ఆయన?"

"నిండా నిమిషం మేడం."

ఆవిడకి ఏడుపొస్తే బావుండునని చాలా గట్టిగా అనిపించింది. రాలేదు. ఆ బొటనవేలు తగిలితే బావుండుననిపించింది. తగల్లేదు. పైడితల్లి కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే, నా ఏడుపు కూడా ఈ పిల్లే ఏడుస్తోంది అనుకుంది. కొంగుతో ఆమె మొహం తుడిచింది. "వెళ్లమ్మా, మీ బాబు స్కూలునుంచి వచ్చే వేళైంది" అంది.

పైడితల్లి వెళ్లాక దయామణి పదిహేడో నంబరు మంచం అంచున కూర్చుంది. ఇన్నేళ్ల సర్వీసులో రోగి మంచం మీద ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు. కుడి అరచెయ్యి తన ఛాతీ మీదే వేసుకుంది. గోడగడియారంవంక చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టింది. నోటుబుక్కులో రత్నరాజు పేరు కింద తన పేరు వేసి, పక్కన లెక్కకి వచ్చిందే రాసింది.

ఊపిరి ఇరవై.